ఏడ్చింది నేనే

ఢిల్లీ కాపురానికి వచ్చి పాతికేళ్లు కావస్తున్నా ఉమారాణి ఏనాడూ విమానం ఎక్కలేదు. పుట్టిల్లు మండపేట వెళ్లాలన్నా, విశాఖపట్నంలో ఉన్న చెల్లెలు రేవతిని చూడాలన్నా రైలే. ఒకటిన్నర రోజు ప్రయాణం. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు, కిటికీ పక్క సీటు ఉంటే ఆమెకు అంతకన్నా హాయి లేదు. భర్త శివరామకృష్ణ ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. ఘజియాబాద్ వైపు వైశాలిలో సొంత ఫ్లాటు. కూతురు దీపు గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఉమారాణి ఇంటి దగ్గరే ఒక ప్లేస్కూల్లో చంటిపిల్లలకు టీచరు. అమ్మ చెయ్యి వదలనని గేటు దగ్గర గుక్కపట్టే పిల్లల్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లడం ఆమెకు రోజూ ఉన్న పనే.

విమానమంటే ఆమెకున్న భయం పుట్టుకతో వచ్చింది కాదు. టీవీ నేర్పింది. సాయంత్రం వంట చేస్తూ ఆమె ఒక తెలుగు వార్తల చానల్ పెట్టుకునేది. అందులో పార్థసారథి అనే యాంకరు ఉండేవాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టి, చివరికి కేకలోకి తీసుకెళ్లే మనిషి. విమానం గాల్లో ఊగినా అతనికి వార్తే, మంచు పట్టి వేరే ఊళ్లో దిగినా వార్తే. తెరమీద బొమ్మ విమానం, దాని చుట్టూ ఎర్రటి గీత, వెనక గుండె కొట్టుకుంటున్నట్టు డప్పు. ఉమారాణి గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడి చూసేది. "చూశారా, దేవుడు కాపాడాడు" అనేది భర్తతో. అతను తలూపేవాడు. పార్థసారథి చెప్పిన మాటను ఆ ఇంట్లో ఎవరూ అనుమానించలేదు.

ఆ నవంబరులో ఆమె చెల్లెలి గృహప్రవేశానికి విశాఖ వెళ్లింది. వెళ్లడం రైల్లోనే వెళ్లింది. తిరిగి వచ్చే సమయానికి తుపాను పట్టి, పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు రద్దయ్యాయి. సోమవారం బడి. దీపు తల్లిని ఒక్క మాట కూడా అడక్కుండా విమానం టికెట్టు కొనేసి ఫోన్లోకి పంపేసింది.

"మమ్మీ, దో ఘంటే కీ బాత్ హై. రెండు గంటలు కళ్లు మూసుకుని కూర్చో, అంతే."

రేవతి ఎయిర్‌పోర్టు దాకా వచ్చి అక్క చేతిలో కుంకుమ పొట్లం పెట్టింది.

బయల్దేరడం, పైకెక్కడం, ఆ మబ్బుల్లో కుదుపులు, అన్నీ ఉమారాణి పళ్లబిగువున భరించింది. మొట్టమొదటి వరసలో నడవ పక్కన సీటు. ఆమెకు ఎదురుగా, గోడకున్న చిన్న మడత కుర్చీలో ఎయిర్‌హోస్టెస్ బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఢిల్లీ దగ్గర పడిందని చెప్పారు. చెవులు దిబ్బడ వేశాయి. కింద ఎక్కడో దడేలుమని చప్పుడైంది.

ఉమారాణి ఉలిక్కిపడింది. "చక్రాలు, ఆంటీజీ" అంది ఎయిర్‌హోస్టెస్ హిందీలో, నవ్వుతూ.

కిటికీలోంచి వసంత్ కుంజ్ మేడలు కనిపించాయి. తర్వాత మేడల మీది నీళ్ల ట్యాంకులు. తర్వాత రోడ్డు మీద కార్లు, వాటి రంగులతో సహా. నేల అందేంత దగ్గరికి వచ్చింది. హమ్మయ్య, అయిపోయింది అనుకుని ఆమె కుర్చీ చేతిని పట్టుకున్న పట్టు కాస్త సడలించింది.

అప్పుడు ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. ముక్కు పైకి లేచింది. ఎవరో ఛాతీమీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినట్టు ఆమె వీపు సీటుకు అతుక్కుపోయింది. కిటికీలో కార్లు పోయాయి, మేడలు పోయాయి, బూడిదరంగు ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. దిగాల్సిన విమానం పైకి పోతోంది. ఎందుకో ఎవరూ చెప్పడం లేదు. వెనక వరసల్లో ఎవరో "హే రామ్" అన్నారు. పసిపిల్ల ఏడుపందుకుంది.

ఉమారాణి కళ్లముందు బొమ్మ విమానం, దాని చుట్టూ ఎర్రటి గీత కనిపించాయి. ఇంక ఆగలేకపోయింది. "అమ్మా! నన్ను దింపేయండి! చచ్చిపోతున్నాం, దింపేయండి!" అంటూ గొంతు చించుకుని ఏడ్చింది. బెల్టు లాగేసుకోబోయింది. కుంకుమ పొట్లం చిట్లి చీరంతా ఎర్రగా అయింది. నడవకు అవతలి సీట్లో ట్రాక్‌సూటు వేసుకున్న ఒకాయన ఫోను పైకెత్తి ఆమె మొహానికేసి పట్టుకుని ఉన్నాడు. అది కూడా ఆమె చూడలేదు.

"ఆంటీజీ! ఇటు చూడండి. నా వైపు చూడండి" అని ఎయిర్‌హోస్టెస్ కూర్చున్నచోటి నుంచే గట్టిగా అంది. లేచి రావడానికి లేదు, ఆమెకూ బెల్టే. తను నోటితో గాలి పీల్చి వదిలి చూపించింది. మళ్లీ పీల్చింది. ఉమారాణి ఆ మొహాన్ని పట్టుకుని వేలాడింది. ఆ అమ్మాయి ఊపిరి తీస్తే తీసింది, వదిలితే వదిలింది.

కాసేపటికి స్పీకరులో ఆడగొంతు వినిపించింది. నిదానంగా, ముందు హిందీలో, తర్వాత ఇంగ్లీషులో. నేను కెప్టెన్ నేహాను మాట్లాడుతున్నాను. మనకంటే ముందు దిగిన విమానం రన్‌వే మీదినుంచి ఇంకా పక్కకు తప్పుకోలేదు. అందుకని మనం దిగకుండా పైకి వచ్చేశాం. ఇది మామూలుగా జరిగేదే, ఇందుకోసమే మాకు శిక్షణ ఇస్తారు. ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చి దిగుతాం. ఇందాక చేతినిండా పని ఉండి వెంటనే చెప్పలేకపోయాను, క్షమించండి.

ఉమారాణి ప్రతి మాటా విన్నది. విన్నా వణుకు తగ్గలేదు. రెండోసారి మేడలు, ట్యాంకులు, కార్లు దగ్గరవుతున్నంతసేపూ ఆమె ఎయిర్‌హోస్టెస్ మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. చక్రాలు నేలను తాకినప్పుడు విమానమంతా చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు పైకి లేవలేదు.

అందర్నీ పోనిచ్చి చివరికి లేచింది. ముందు తలుపు దగ్గర తెల్లచొక్కా వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. జుట్టు వెనక్కి లాగి ముడేసుకుంది. చెవుల దగ్గర హెడ్‌ఫోను నొక్కిన గుర్తులు ఇంకా పోలేదు. దీపు కన్నా ఏడెనిమిదేళ్లు పెద్దదై ఉంటుంది, అంతే. చీరమీది ఎర్రదనం చూసి ముందు కంగారుపడి, కుంకుమ అని తెలుసుకుని, "బాగా భయపడ్డారా? సారీ" అంది, స్పీకరులో విన్న గొంతుతోనే. ఉమారాణికి సిగ్గేసింది. తల వంచుకుని, "కోయీ బాత్ నహీ, బేటా" అని పరవాలేదన్నట్టు గొణిగి దిగిపోయింది.

బయట శివరామకృష్ణ, దీపు ఎదురుచూస్తున్నారు. దీపు మొహం పాలిపోయి ఉంది. చేతిలో ఫోను. ఫోన్లో అమ్మ.

వాళ్లు ఇల్లు చేరేసరికి పక్క ఫ్లాటువాళ్లు తలుపు దగ్గర ఉన్నారు. టీవీలో పార్థసారథి ఉన్నాడు. తెరనిండా ఉమారాణి మొహం, నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, చీరమీద ఎర్రటి మరకలతో. "గాల్లో మృత్యుఘోష" అని కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. ఎర్రటి మరకలు ఏమిటో ఎవరూ చెప్పలేదు. చూసేవాళ్లకు వదిలేశారు. "దింపేయండి" అని ఆమె అరిచిన మాట మళ్లీ మళ్లీ వేస్తున్నారు. కెప్టెన్ మాట్లాడింది ఆ వీడియోలో లేదు. ట్రాక్‌సూటు ఆయన ఆమె ఏడుపు ఆగగానే ఫోను ఆపేసినట్టున్నాడు.

చెల్లెలు రేవతి ఫోన్ చేసి బావురుమంది. "అక్కా, రక్తం వచ్చిందంటగా?"

"రక్తం కాదే, నువ్విచ్చిన కుంకుమే" అని చెప్పి చెప్పి ఉమారాణి అలసిపోయింది.

మర్నాటికి వార్త రంగు మారింది. ఏడుస్తున్న ఉమారాణి పక్కన ఇంకో ఫోటో వచ్చి చేరింది. తెల్లచొక్కా అమ్మాయి, చుట్టూ ఎర్రటి గీత. "మహిళా పైలట్ నిర్వాకమేనా?" అని ప్రశ్న. "ప్రయాణికులు ప్రాణభయంతో అల్లాడుతుంటే ఒక్క మాటైనా మాట్లాడని పైలట్" అని పార్థసారథి బల్ల చరిచాడు. సాయంత్రానికి "పైలట్‌ను విధుల నుంచి తప్పించినట్టు సమాచారం" అని వేశారు.

స్టవ్ మీద పోపు మాడుతోంది. ఉమారాణి టీవీ ముందునుంచి కదలలేదు.

"మాట్లాడిందండీ ఆ పిల్ల" అంది భర్తతో. "నేను విన్నాను. సారీ కూడా చెప్పింది. మాట్లాడలేదంటాడేంటి?"

"వాళ్లకి తెలీదేమో."

"తెలీకపోతే అడగాలి కదండీ. నా ఏడుపు చూపించి ఆ పిల్ల ఉద్యోగం తీయించేశారు."

బడిలో ఇంకో రకం బాధ. తల్లులు గేటు దగ్గర ఆపి "మ్యామ్, ఆ పైలట్‌ను వదలకండి" అన్నారు. ప్రిన్సిపల్ సెల్ఫీ తీసుకుంది. ఉమారాణి విమానం కంపెనీకి ఫోన్ చేసింది. మీ ఫిర్యాదు నమోదు చేసుకుంటున్నామన్నారు. ఫిర్యాదు కాదు బాబూ అంటే వాళ్లకు అర్థం కాలేదు. ఫలానా అంకె నొక్కమన్నారు. నొక్కితే పాట వచ్చింది.

ఆ సాయంత్రమే చానల్ ఢిల్లీ రిపోర్టరు భరద్వాజ్ ఫోన్ చేశాడు. రేపు ఏడింటికి చర్చ ఉంది, మీ ఇంటికే కెమెరా తెస్తాం, పార్థసారథిగారు హైదరాబాద్ నుంచి మీతో లైవ్‌లో మాట్లాడతారు, మీ అనుభవం చెబితే చాలు అన్నాడు.

శివరామకృష్ణ ససేమిరా అన్నాడు. "నేను గవర్నమెంటు సర్వెంటుని. ఇంట్లో టీవీ కెమెరాలేంటి? రేపు పైవాడు మెమో చేతిలో పెడితే?"

"మాట్లాడేది నేను కదండీ."

"మమ్మీ, రహనే దో నా, వదిలెయ్" అంది దీపు. "వాళ్లు నిన్ను మాట్లాడనివ్వరు. ట్విస్ట్ చేస్తారు. ఇప్పటికే మీమ్స్ వస్తున్నాయి."

ఉమారాణి టీవీ ఆపేసింది. తర్వాత, "నువ్వే ఆ ఉద్యోగంలో ఉండి, ఎవరో ఏడ్చారని నిన్ను తీసేస్తే, ఆ ఏడ్చినావిడ ఇంట్లో కూర్చుని కూర తరుక్కుంటే నాకెలా ఉంటుందే?" అంది.

దీపు చేతిలోని ఫోను పక్కన పెట్టేసింది. శివరామకృష్ణ లేచి బాల్కనీలోకి వెళ్లాడు. ఇద్దరూ ఒప్పుకున్నట్టే అనుకుని ఆమె భరద్వాజ్‌కు ఫోన్ చేసింది.

మర్నాడు భరద్వాజ్ కెమెరామన్‌తో వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, నిద్ర చాలని కళ్లు, నెల్లూరు యాస. సోఫా జరిపారు, లైటు పెట్టారు. చెవిలో వైరు గుచ్చారు. "ఆంటీ, చీర అదే కట్టుకుంటారా?" అని అడిగాడు నసుగుతూ. "ఆఫీసులో అడుగుతున్నారు."

"ఉతికేశాను" అంది ఉమారాణి.

హాల్లో టీవీ శబ్దం లేకుండా పెట్టారు. చెవిలో చర్చ వినిపిస్తోంది. పార్థసారథి గొంతు తలలోపలే ఎవరో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఇన్నాళ్లూ వంటింట్లోంచి విన్న గొంతు. ఎవరెవరో మాట్లాడుతున్నారు, ఆమె వంతు రావడం లేదు.   వైరు పీకేసి లేచిపోదామనిపించింది. ఎదురుగా కెమెరా పక్కన దీపు నిలబడి ఉంది, తన ఫోను ఎత్తి పట్టుకుని.

"ఇప్పుడు మనతో ఉన్నారు, చావును కళ్లారా చూసి వచ్చిన ఉమారాణిగారు!" అంది చెవిలో గొంతు. "అమ్మా, నమస్కారం. ఆ భయంకర క్షణాల్లో మీకు ఏమనిపించింది?"

"నమస్కారమండీ. చాలా భయమేసింది. చచ్చిపోతాననుకున్నాను."

"చూశారా! చచ్చిపోతామనుకున్నారు! ఆ సమయంలో పైలట్ నుంచి ఒక్క మాట కూడా రాలేదు. అవునా?"

"వచ్చిందండీ."



"అంటే అమ్మా, అంతా అయిపోయాక..."

"అయిపోయాక కాదండీ. పైన ఉన్నప్పుడే. ముందు విమానం దారిలో ఉంది, అందుకని దిగలేదు, మళ్లీ తిరిగొచ్చి దిగుతామని చెప్పింది. హిందీలో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత అలాగే దింపింది."

"అమ్మా, మీరు షాక్‌లో ఉన్నారు, మాకు అర్థమవుతోంది. కానీ మీ కన్నీళ్లు రాష్ట్రమంతా చూసింది. ఆ కన్నీళ్లకు బాధ్యులెవరు?"

ఉమారాణి టీవీ వైపు చూసింది. తెరమీద సగం ఆమె ఇప్పటి మొహం, సగం ఏడుస్తున్న మొహం. పక్కన ఎర్రటి గీతలో ఆ అమ్మాయి.  

"ఏడ్చింది నేనేనండీ. నాకు విమానమంటే భయం, అందుకు ఏడ్చాను. నేను చంటిపిల్లల బళ్లో పనిచేస్తాను. పిల్లలు రోజూ ఏడుస్తారు. ఏడ్చారని ఎవరో కొట్టారనుకుంటామా? చీరమీద ఉన్నది కుంకుమ, రక్తం కాదు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. దిగకూడనప్పుడు దిగలేదు, అంతే. దిగుంటే ఇవాళ మీతో మాట్లాడేదాన్ని కాదు."

"ఉమారాణిగారూ, ఒక్క ప్రశ్న. సూటిగా చెప్పండి. విమానం కంపెనీ మీమీద ఒత్తిడి తెచ్చిందా?"

"కంపెనీవాళ్లు నా మాటే వినలేదండీ. ఒత్తిడి ఇప్పుడు మీరే తెస్తున్నారు."

చెవిలో కిర్రుమంది. తర్వాత నిశ్శబ్దం. టీవీలో ఆమె మొహం మాయమై పార్థసారథి వచ్చాడు. చెవి దగ్గర వేలు పెట్టుకుని తలాడిస్తూ ఏదో అంటున్నాడు. "సాంకేతిక సమస్య" అన్న మాట అతని పెదవుల మీద శబ్దం లేకపోయినా తెలిసింది.

"లైన్ పోయింది ఆంటీ" అన్నాడు భరద్వాజ్, వైర్లు చుట్టుకుంటూ. మొహం ఎత్తలేదు.

"పోయిందా, తీసేశారా?"

అతను వైర్ల చుట్టను సంచీలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ మాత్రం ఆగి, "మంచినీళ్లిస్తారా?" అని అడిగి, గ్లాసుడు నీళ్లూ గడగడా తాగేసి వెళ్లాడు. తలుపు వేశాక ఉమారాణి అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. శివరామకృష్ణ ఫ్యాను వేసి, ఆమె పక్కన తనూ కూర్చున్నాడు. మెమో సంగతి ఎత్తలేదు.

దీపు తన ఫోన్లో తీసింది మొత్తం పెట్టేసింది. ఢిల్లీ తెలుగువాళ్ల గ్రూపుల్లో అది కొంత తిరిగింది. కొందరు మెచ్చుకున్నారు. కొందరు ఎంత ముట్టిందని అడిగారు. రేవతి భర్త, "వదినగారికి ఎందుకొచ్చిన గొడవ, ఊరుకుంటే సానుభూతి ఉండేది" అన్నాడట. ఆ మాటకు అక్కచెల్లెళ్లకు పదిరోజులు మాటల్లేవు. ఏడుపు వీడియో చూసినవాళ్లు లక్షల్లో ఉంటే, దీపు పెట్టింది చూసినవాళ్లు వాళ్ల సందులో సగం మంది. చానల్ ఆ వారమే ఒక సినిమావాళ్ల విడాకుల మీదికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు, ఉమారాణి సంతలో వంకాయలు ఏరుతుండగా భరద్వాజ్ ఫోన్ చేశాడు.

"ఆంటీ, ఒక విషయం చెబుదామని. ఆ కెప్టెన్‌ను ఎవరూ తప్పించలేదు. మర్నాడే డ్యూటీ చేసింది, ఈ రోజుకీ చేస్తోంది. నేనే వెళ్లి కనుక్కున్నా."

"మరి తప్పించారని వేశారే?"

"సమాచారం అని వేశారు."

"ఎవరి సమాచారం?"

 ఆమె గుండెల మీది బరువు దిగింది. దిగిన చోటే కోపం వచ్చి కూర్చుంది. "ఈ మాట టీవీలో చెప్పండి మరి."

"ఆ స్టోరీ అయిపోయిందంట ఆంటీ. నేనడిగా." ఆగి, "నన్ను వేరే వార్తల బీట్‌కి మార్చమని అడిగా" అన్నాడు. "క్రికెట్."

ఫోన్ పెట్టేశాక కూరగాయలవాడు "దీదీ, కిత్‌నా దూఁ?" అని, ఎన్ని కావాలో అడిగేదాకా ఆమె వంకాయ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఆ కెప్టెన్ తన మాటలు విన్నదో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

వేసవిలో రేవతి బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ మర్నాడే. శివరామకృష్ణ రైలు చూడనా అని అడిగాడు. ఉమారాణి చాలాసేపు ఆలోచించింది.

"వద్దండీ. విమానమే తీయండి."

"భయం పోయిందా?"

"ఎక్కడికి పోతుంది? ఉంది. రైల్లో వెళ్తే రేవతి ఆపరేషన్ గదిలోకి వెళ్లేముందు నన్ను చూడదు."

ఈసారి భర్త కూడా బయల్దేరాడు. ఢిల్లీలో ఎండకు రన్‌వే మసకమసకగా కదులుతోంది. విమానం పరుగందుకోగానే ఉమారాణి కాళ్లు చల్లబడ్డాయి. కళ్లు గట్టిగా మూసుకుని అతని చెయ్యి వెతికి పట్టుకుంది. అది తన చేతికన్నా చల్లగా ఉంది.

కళ్లు తెరిచి చూసింది. శివరామకృష్ణ బిగుసుకుపోయి ముందుసీటు వెనుకభాగాన్నే చూస్తున్నాడు. నుదుటిమీద చెమట.

"ఏవండీ, ఇటు చూడండి" అంది ఉమారాణి. "నా వైపు చూసి ఊపిరి తీసుకోండి. ఊఁ. ఇప్పుడు వదలండి."